ఘాట్ రోడ్డు మీద వినోదత్త

వినోదత్త మొగుణ్ణి సాపుతారా ఘాట్ రోడ్డు మీద వదిలేసి పోయిందని సూరత్ గోడాదరాలో మా గల్లీ అంతా చెప్పుకున్నారు. చూసినవాడు మా గల్లీ పరమేశ్. బైకు మీద వెనకే వస్తుంటే, కమలాకర్ మామ నడిరోడ్డు మీద నిలబడి ఆమె మీదికి చేతులు ఊపుతున్నాడట. ఆమె ఏడుస్తోందట. తర్వాత ఆయన వెంట పరుగెత్తుతున్నా వ్యాను ఆపలేదట.

"బండి చేతికి రాంగనే మొగడు బరువైండు సూడు," అంది కుళాయి దగ్గర రాజమ్మ.

నేను ఆ వ్యానులోనే ఉన్నాను. వినోదత్త మా నాన్న చెల్లెలు.

మామ ఇరవై ఏళ్లుగా మరమగ్గాల మధ్య నిలబడ్డవాడు. చెవులు సగం పోయాయి. ఇంకా ఆ చప్పుడులోనే ఉంటే మిగిలిన సగం కూడా పోతుందని డాక్టరు చెప్పాక, అత్త డ్రైవింగ్ నేర్చుకుంది. ఒకప్పుడు బడిపిల్లల్ని తిప్పిన పాత వ్యాను కొన్నారు. జూన్‌లో బళ్లు తెరిచాక తానే పిల్లల్ని దింపాలని, మామను పని మాన్పించాలని ఆమె ఆలోచన. కానీ ధైర్యం చాలలేదు. మా పక్కనే ఉన్న ఉధ్నా దాటి ఎన్నడూ నడపలేదు.

"ఘాటెక్కి దిగొస్త. మంచిగొస్తే మంది పిల్లల్ని ఎక్కించుకుంట. లేకుంటే బండి అమ్మేద్దాం," అంది ఒక రోజు అన్నం వడ్డిస్తూ.

"గది పరీక్షనా, మమ్ముల సంపుడా?" అంది మామ తల్లి గంగవ్వ. అన్నదే గాని, అందరికంటే ముందు సంచి సర్దుకున్నది ఆమే.

మే నెలలో బయలుదేరాం. రెండు బెంచీల మధ్య చెక్క పలక వేసి, చీరల ముక్కలతో కుట్టిన బొంత పరిచాం. కిటికీలకు పరదాలు కట్టాం. వెనక చిన్న గ్యాసు పొయ్యి, బియ్యం, మామిడికాయ తొక్కు. అత్త కూతురు హారతి బొంత మీద దొర్లుతూ "ఆపణు ఘర్ చాలే ఛే!" అని గుజరాతీలో అరిచింది. మన ఇల్లు నడుస్తోందట.

వఘయి ఊరు దాటాక ఎక్కుడు మొదలైంది. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. అత్త బ్రేకు వేసింది, ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. బ్రేకు వదిలితే వెనక్కి జారుతామని ఆమె భయం. వెనక హారన్లు మొదలయ్యాయి. మామ దిగి వెనక చక్రం కింద రాయి పెట్టి, ముందుకొచ్చి ఆమెకు కనబడేలా నిలబడ్డాడు.

"బహెన్‌జీ, ఉతర్ జావ్! భాయ్ కో చలానే దో!" అని ఒక కారులోంచి ఎవరో అరిచారు, దిగి బండి మామకిమ్మని.

గంగవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. "భాయ్ కో సైకిల్ భీ నై ఆతీ! నువ్వు జర ఊకో!"

తనకు సైకిలు కూడా రాదని తల్లి చెప్పడంతో సహా మామకు ఇవేవీ వినబడలేదు. ఆయన చేతులతో మాట్లాడుతున్నాడు. మగ్గాల షెడ్డులో అరిచినా మాట వినబడదు, అందుకే అక్కడ అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. పెళ్లయిన కొత్తలో అత్త కూడా అదే షెడ్డులో కండెలు చుట్టింది. మామ పిడికిలి బిగించి నెమ్మదిగా ముందుకు తోశాడు: మగ్గం నడుపు. రెండు వేళ్లు చూపి తల అడ్డంగా ఊపాడు: నూలు తెగలేదు.

అత్త కళ్ల నీళ్లతోనే నవ్వింది. "నూలు తెగలేదంట, అత్తమ్మా! గీ మనిషి గిది గూడ మగ్గమే అనుకుంటుండు!"

ఈసారి ఇంజన్ అందుకుంది. వ్యాను కదిలింది. మామ పక్కకు తప్పుకుని వెంట పరుగెత్తాడు.

"ఆపకు బిడ్డా, ఆపితే మళ్ల గదే కథ," అంది గంగవ్వ. "వాడు నడిచొస్తడు. కాళ్లు మంచిగనే ఉన్నయి."

పైన చదునుగా ఉన్నచోట ఆగాం. మామ చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "నన్ను ఇడిసిపెట్టి పోతివేందే!" అన్నాడు గట్టిగా. ఆయన ఏదన్నా గట్టిగానే అంటాడు.

"మొగణ్ణి ఎక్కించుకోవాల్నా, ఘాటెక్కాల్నా?" అంది అత్త, నీళ్ల సీసా అందిస్తూ.

సాపుతారాలో చెరువు పక్కన వ్యాను పెట్టుకుని రెండు రోజులున్నాం. హారతి పడవెక్కింది. గంగవ్వ కూడా ఎక్కింది. అత్త ఒడ్డునే కూర్చుని, వచ్చిన దారివైపే చూసింది. దిగడం ఇంకా మిగిలే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆమె ఎక్కడా ఆపకుండా వ్యానును కిందికి దింపింది. ఘాటు అయిపోయి నేల చదునయ్యాక ఒక టీ కొట్టు దగ్గర ఆపి, స్టీరింగ్ మీదినుంచి చేతులు తీసి వేళ్లు చాచి చూసుకుంది.

"పక్కింటి నీరజకు ఫోన్ కలుపు బిడ్డా," అంది నాతో. "ఆమె పిల్లల్ని జూన్ నుంచి నేనే బడికి తోల్కపోత."

పరమేశ్ అంతకు ముందే సూరత్ చేరిపోయాడు కాబట్టి ఒక సంగతి అతనికి తెలియదు. ఘాటు దిగినంతసేపూ కమలాకర్ మామ వెనక బొంత మీద నిద్రపోయాడు.