చిన్నత్త ఆకలి

పోయిన నెల మా తమ్ముడి కొడుక్కు టైఫాయిడ్ వస్తే కడపలో ఆసుపత్రిలో చేర్చారు. నేనూ చూడబోయినాను. డాక్టరమ్మ మందులు రాసిచ్చి, పోతూ పోతూ, అన్నం మాన్పించొద్దనీ, మెత్తగా ఉండేది ఏదైనా కడుపునిండా పెట్టమనీ చెప్పింది. అందరూ తలూపారు. నేను లేచి బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ మాట వినడానికి మా జేజి బతికి లేకపోవడమే మేలనిపించింది.

జేజి అంటే మా నాయన తల్లి. ఆమె కడగొట్టు బిడ్డ మా చిన్నత్త. సంగటి ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసుకొని, చెనిక్కాయల ఊరిబిండి నంజుకుంటూ అత్త తింటా ఉంటే, అప్పుడే తిని చెయ్యి కడుక్కున్నవాళ్ళకు కూడా మళ్ళీ ఆకలయ్యేది. పెండ్లిచూపులనాడు తలొంచుకొని కూర్చోమంటే, వచ్చినవాళ్ళ ముందర పెట్టిన కజ్జికాయల పళ్ళెం వైపే చూస్తా కూర్చుందని మా అమ్మ చెప్పి నవ్వేది. అది చూసే మామ ఆమెను ఇష్టపడ్డాడట. కోడుమూరు దగ్గర కాపురం.

యాభైలలో వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది, ఎండాకాలంలో అత్త వేంపల్లె దగ్గర మా ఊరికి వచ్చింది. బావులన్నీ అడుగంటాయి. ఏటి ఇసుకలో చెలమలు తీసి, చిప్పతో తోడుకొని తెచ్చిన నీళ్ళే తాగేవాళ్ళం. ఆ చెలమల పక్కనే గొడ్లూ తాగేవి, గుడ్డలూ ఉతికేవాళ్ళు. ఊళ్ళో ముగ్గురు నలుగురికి జ్వరాలు తగిలాయి. ఆ వెనకే అత్త పడింది. మొదట దిష్టి తీశారు, కషాయాలు పోశారు. జ్వరం దిగలేదు. నాయన బండి కట్టుకొని పోయి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన టైఫాయిడ్ అన్నాడు. పేగులు పల్చబడి ఉంటాయనీ, గట్టి తిండి పడితే తూటు పడుతుందనీ, బార్లీ నీళ్ళు తప్ప ఏదీ ముట్టనీయొద్దనీ చెప్పాడు. కొత్తగా వచ్చిన మందుబిళ్ళల కోసం నాయన కడపకు పోయి, దొరక్క, మనిషిని మద్రాసుకు పంపించాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో తాళింపు వేయలేదు. వాసన పోతే అత్తకు నోరూరుతుందని జేజి భయం. మేమంతా కొట్టంలో ఎనుముల పక్కన కూర్చొని, దొంగల్లాగా చప్పుడు చేయకుండా తినేవాళ్ళం. ఎనుములు నెమరేయడం ఆపి మావైపు చూసేవి. నాకు నవ్వొచ్చేది. ఒకసారి మా అమ్మ వైపు చూస్తే ఆమె ముద్ద చేతిలో పట్టుకొని ఏడుస్తా ఉంది.

మద్రాసు బిళ్ళలు వచ్చాక జ్వరం కొంచెం దిగింది. దాంతోపాటే ఆకలి లేచింది. అత్త మంచంలో నుంచి చెయ్యి చాచి జేజి కొంగు పట్టుకునేది.

"అమ్మా, కడుపు కాలతాండాది. ఒక్క ముద్ద పెట్టు."

"ఇంగ కొన్నాళ్ళు ఓర్చుకో నాయనా. లేచినాక నా చేత్తో కలిపి పెడతా," అనేది జేజి. కొంగు విడిపించుకొని పెరట్లోకి పోయి, గోడకు తల ఆనించి నిలబడేది. తాను కూడా అన్నం మానేసి బార్లీ నీళ్ళే తాగిందని తరువాత అమ్మ చెప్పింది.

ఒకరోజు పొద్దున్నే అత్త కడుపు పట్టుకొని మెలికలు తిరిగిపోయింది. డాక్టరు వచ్చేసరికి పొట్ట చెక్కలాగా బిగుసుకుంది. పేగు తూటు పడిందన్నాడు. జేజి ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని నిదానంగా అడిగింది.

"నేను ఏమీ పెట్టలేదు సామీ. అడుక్కున్నా పెట్టలేదు. మరి ఎట్ల పడె?"

ఆయన కూడా ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. "పెట్టకపోయినా పడతాదమ్మా ఒక్కోసారి," అన్నాడు. పొద్దు గుంకకముందే అత్త పోయింది.

దినం పెట్టినప్పుడు జేజి ఎవరినీ పొయ్యి దగ్గరికి రానీయలేదు. తానే సంగటి కెలికింది, తానే ఊరిబిండి నూరింది. సమాధి దగ్గర విస్తరేసి, ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసింది. "తినమ్మా, ఇంగ వద్దనేవాళ్ళు ఎవురూ లేరు," అంది. కాకి కోసం అందరూ దూరంగా జరిగినా, ఆమె మాత్రం అక్కడే కూర్చుంది. చివరికి నాయనే భుజాలు పట్టి లేపాల్సి వచ్చింది.

ఆనాడు నాకు ఎనిమిదేండ్లు, అత్తకు ఇరవై దాటినాయేమో. నేను నడుస్తానే ఉన్నాను, ఆమె అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు ఎదురుపడితే నేను అత్తా అని పిలవలేను, అమ్మాయీ అనే పిలవాల. కాలం మనుషులనే కాదు, వరసలను కూడా మార్చేస్తుంది.