అవ్వ మొక్కు, నా మేకపిల్ల

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. మా అవ్వ, అంటే మా నాయినను కన్న తల్లి, తెల్లవారకముందే లేచి వాకిలి ఊడుస్తూ కీర్తన అందుకునేది. గొంతు మోటు, రాగం ఆమె ఇష్టం. కల్వకుర్తి దగ్గరి మా ఊళ్ళో ఆ పాట వినబడితే పక్కింటి సాయిబులు కూడా ఇవాళ ఆదివారం అనుకునేవారు.

ఆమె తొంభై దాటి బతికింది. మా చర్చి గడ్డి కప్పుతో ఉన్నప్పుడు పెళ్ళికూతురిగా వచ్చింది, పెంకులు చూసింది, స్లాబు కూడా చూసింది. పాస్టర్లు వచ్చారు, పోయారు. భర్తను మట్టిచేసిన వారం కూడా ముందు వరసలో ఆమె చోట ఆమె కూర్చునే ఉంది. దేవుడంటే ఆమెకు ఇంటి పెద్ద లాంటివాడు. భయం ఉంది, చనువూ ఉంది, అప్పుడప్పుడు పోట్లాటా ఉంది. అలాంటి మనిషి నా మేకపిల్ల విషయంలో చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

నాకు తొమ్మిదో ఏట పెద్ద జ్వరం వచ్చింది. దవాఖానలో మంచం పక్కనే మోకాళ్ళూని, నేను లేచి తిరిగితే మా మేక ఈనే తొలి పిల్లను కోత పండుగకు కానుకగా ఇస్తానని అవ్వ మొక్కుకుంది. నేను లేచాను. మేక ఈనింది. కానీ ఆ తల్లి మేకకు ఏమైందో, పిల్లను దగ్గరికి రానివ్వలేదు. పక్కింటివాళ్ళ మేక పాలు అడుక్కొచ్చి, సీసాతో పట్టి, ఆ నల్ల పిల్లను నేనే బతికించాను. అది నన్నే తల్లి అనుకుంది. బడికి వెంట వచ్చేది, పంతులు తరిమితే కిటికీ కింద నిలబడి అరిచేది. నా సంబరం చెప్పతరం కాదు.

పండుగ దగ్గరపడ్డాక గానీ ఎవరూ నాకు మొక్కు సంగతి చెప్పలేదు. మా దిక్కు కోత పండుగంటే, జొన్నలు ఇల్లు చేరాక ఎవరికి కలిగింది వాళ్ళు చర్చికి తెచ్చిపెడతారు. గుమ్మడికాయలు, వేరుశెనగ, కోళ్ళు, మేకపిల్లలు అన్నీ ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. మా ఊళ్ళో ఆ వేలం జొన్నల్లోనే సాగేది. పాడుకున్నవాళ్ళు కుంచాల లెక్కన జొన్నలు కొలిచి పోస్తే ఆ గింజలు పాస్టరయ్య ఇంటికి, లేనివాళ్ళ ఇళ్ళకు పోయేవి. మేకపిల్లను పాడుకున్నవాడు దాన్ని ఏం చేస్తాడో నాకు తెలియనిది కాదు. పైగా ఆ ఏడు సంఘంలో ఒక పెద్దాయన ఇంట్లో పెండ్లి ఉంది.

పండుగ పొద్దున అవ్వ మేకపిల్లకు స్నానం చేయించి బంతిపూల దండ వేసింది. నేను దాని మెడ కరుచుకుని వదల్లేదు. ఏడ్చి ఏడ్చి చివరికి కోపంగా, "అవ్వా, మొక్కింది నువ్వు. నేను మొక్కలే గదా!" అన్నాను. అవ్వ చేతులు దండ మీదే ఆగిపోయాయి. లేచి లోపలికి పోయింది.

బయటికి వచ్చినప్పుడు ఆమె పొలానికి కట్టుకునే వెలిసిన చీరలో ఉంది, చంకలో చిన్న మూట ఉంది. "పండుగ పూట గీ చీరేందత్తా?" అని అమ్మ లబలబలాడింది. "నడువుండ్రి, ఆలస్యమైతాంది" అని అవ్వ ముందు నడిచింది.

ఆ రోజు ప్రసంగం ఏమిటో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. వేలం మాత్రం నిన్న జరిగినట్టుంది. మేకపిల్ల వంతు వచ్చింది. పెండ్లింటి పెద్దాయన దర్జాగా పాడాడు, ఎవరో పెంచారు, ఆయన ఇంకా పెంచాడు. ఇక ఎవరూ నోరెత్తలేదు. వేలం వేస్తున్న సంఘ పెద్ద మూడోసారి అనబోతుండగా అవ్వ లేచి నిలబడి మూట విప్పింది. అందులో ఉన్నది ఆమె నారాయణపేట చీర. ఆమెకున్న ఒకే ఒక్క మంచి చీర, ఆదివారాల చీర.

"దేవుని ముంగట పెట్టినంక మళ్ల తీస్కుంటవా అవ్వా?" అన్నాడు సంఘ పెద్ద.

"మాటిచ్చింది నేను. పిల్లను సాదుకున్నది గీ పోరి. దానిది నేనెట్ల ఇస్త? నాది నేనిస్త."

చర్చి అంతా గుసగుసలు. పాస్టరయ్య లేచి, దేవునికి తక్కువ కాకూడదు కాబట్టి చీర ధర మేకపిల్ల ధర దాటాలని తేల్చాడు. జొన్నల వేలంలో ఆడవాళ్ళు ఎన్నడూ పాడి ఎరుగరు. కానీ అది చీర! వెనక నుంచి ఒకామె కుంచెడు అంది. ఇంకొకామె ఇంకో కుంచెడు కలిపింది. ఇద్దరు తోడికోడళ్ళు నేనంటే నేనని పోటీ పడ్డారు. కొంగులు దోపుకుని లేచి, ఒకరి మీద ఒకరు అరుస్తూ, నవ్వుతూ పెంచుకుంటూ పోయారు. మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చీర పాట మేకపిల్ల ధరకు కొంచెం తక్కువలో ఆగింది. అప్పుడు ఆడవాళ్ళంతా కుంచెడు లేకపోయినా తలా ఒక తవ్వ గింజలు వేసుకుని ఒక్కటిగా పాడారు. దాటింది! నేను ప్రార్థన చోటన్న ధ్యాస కూడా లేకుండా కేక పెట్టి మేకపిల్ల మీద పడ్డాను. పెండ్లింటి పెద్దాయనే అందరికంటే ముందు నవ్వాడు.

ఆడవాళ్ళు ఆ చీరను తిరిగి అవ్వ చేతిలోనే పెట్టబోయారు. అవ్వ తల అడ్డంగా ఊపింది. "మళ్ల తీస్కుంటే అది ఇచ్చుడెట్లయితది?" అంది. చివరికి చీర మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పేద పిల్లకు దక్కింది. మరుసటి ఆదివారం ఆ పిల్ల నారాయణపేట అంచు మెరిపించుకుంటూ వస్తే, పక్కన వెలిసిన చీరలో మా అవ్వ, అదే మోటు గొంతుతో, అందరికంటే పెద్దగా పాడింది. ఆమె పక్కన కూర్చున్న నాకు ఎంత గర్వమో!

ఇప్పుడు నాకూ మనవరాళ్ళున్నారు. మొన్న మా సంఘంలో పండుగ వంట ఎవరు చేస్తారని అడిగితే ఉత్సాహంగా చెయ్యెత్తి లేచాను. "మా కోడలు చేస్తది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నేను చేస్త" అన్నాను.