సోమవారం వస్తే రత్నం

1986 మార్చి. నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో ఉన్న ఆడపిల్లల బడి హాస్టల్లో నేను ఆయాగా చేసేదాన్ని. మా ఆయన పోయాక దొరికిన పని అది. పిల్లల తలలు దువ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, డాక్టరు రాసిన మందు వేళకు మింగించడం నా వంతు. నాకు సంతకం వరకే వచ్చు. మాత్రల్ని రంగును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని.

మూడో తరగతి రత్నానిది తెల్ల మాత్ర. ఆ పిల్ల కూర్చున్నచోట కూర్చునేది కాదు. పలక మీద అక్షరం సగం దిద్ది కిటికీ ఎక్కేది. కసిరితే కొరికేది, ఆనక తనే వెక్కి వెక్కి ఏడ్చేది. విజయవాడలో పిల్లల డాక్టరుగారు చూసి ‘హైపరాక్టివ్’ అన్నారు. ఒళ్ళూ మనసూ ఒకచోట నిలవవని దానర్థం. పొగరు కాదట, జబ్బట. అల్లరికి కూడా మాత్ర ఉంటుందా అని నాకు భలే వింతగా అనిపించింది.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు రత్నం నెమ్మదించింది. ఎక్కాలు అప్పజెప్పింది. మార్చిలో మళ్ళీ మొదటికొచ్చింది. అదీ వారమంతా కాదు. శనివారం ఇంటికెళ్ళి, ఆదివారం అక్కడే ఉండి, సోమవారం గాలివానలా వచ్చేది, వారం చివరికి తగ్గేది. అలాంటి ఒక సోమవారం పక్కపిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. హెడ్మిస్ట్రెస్‌గారు వాళ్ళమ్మ వెంకమ్మను పిలిపించారు.

“డాక్టరు దగ్గర ఏదో ఒకటి తేల్చుకుని రా అమ్మా. లేకపోతే టీసీ ఇచ్చేస్తాను. మిగతా పిల్లల్ని కూడా చూసుకోవాలి కదా నేను.”

టీసీ అంటే ఇక ఈ బడిలో చోటు లేదనే కాగితం. మామిడితోటలో కూలికి పోయే వెంకమ్మ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఇది కూడా నాలాగా కాయలేరుకోవాల్సిందేనా?”

ముగ్గురం బస్సెక్కాం. డాక్టరుగారు అంతా విని, “మందు రోజూ వేస్తున్నారా?” అన్నారు.

“వేస్తున్నామండీ,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

“అయితే డోసు పెంచుదాం,” అని కలం తీశారు. డోసంటే పూటకు ఇచ్చే మందు కొలత.

“సోమవారాలే ఎందుకు పెరుగుతోందండీ?” తెలుసుకోవాలనిపించి అడిగాను. ఆయన కలం ఆగిపోయింది.

“తోటలో గాలి సోకిందేమోనండీ,” అంది వెంకమ్మ.

బల్ల కింద దూరిన రత్నం తల బయటపెట్టింది. “ఇంటికాడ మందుండదుగా! మామిడికాయ పప్పుంటది.”

“నోర్ముయ్యవే!” అని వెంకమ్మ దాని నెత్తిన మొట్టింది.

“మొట్టకమ్మా. మందెందుకు ఉండదు?” అన్నారు డాక్టరుగారు.

“మందు మీద పులుపు తింటే వికటిస్తది కదండీ. ఇప్పుడు రాలుడు కాయల రోజులు. మా ఇంట్లో పప్పైనా పచ్చడైనా వాటితోనే. దీనికి వేరే పథ్యం ఎక్కణ్ణించి తేనండీ? అందుకే ఇంటికొచ్చినప్పుడు మాత్ర ఆపుతున్నా.”

“పథ్యం చెయ్యమని నేను చెప్పానా?”

“మీరు చెప్పాలా అండీ? మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది!”

ఆయన పగలబడి నవ్వారు. పాత డోసే ఉంచారు. “ఈ మాత్రకు మామిడికాయతో పేచీ లేదు. ఓ రోజు వేసి ఓ రోజు మానేస్తేనే పేచీ,” అన్నారు.

వెంకమ్మ నమ్మలేదు. బస్సులో గొణుగుతూనే ఉంది. “వికటిస్తే మోసేది ఆయనా, నేనా? శనివారం నువ్వు పక్కనుంటేనే వేస్తానక్కా.”

వెళ్ళాను. కంచంలో మామిడికాయ పప్పు, వెంకమ్మ అరచేతిలో తెల్ల మాత్ర. రత్నం మాత్ర మింగి అన్నం కలుపుకుంది. వెంకమ్మ దాని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

“అట్టా చూడమాకే అమ్మా, దిష్టి! ఇంకొంచెం పప్పెయ్యి.”

సోమవారాలు ఒక్కసారిగా బాగుపడలేదు. మెల్లమెల్లగా మిగతా రోజుల్లో కలిసిపోయాయి. రత్నం కిటికీ ఎక్కడం పూర్తిగా మానలేదు గానీ కొరకడం మానింది. హెడ్మిస్ట్రెస్‌గారు టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత నేను ఏ తల్లినీ “మందు వేస్తున్నావా?” అని అడగలేదు. ఆ మాటకు ఎవరైనా అవుననే అంటారు. “మందు వేసిన రోజు పిల్లకు ఏం పెట్టవు?” అని అడిగేదాన్ని. పెట్టనివి ఒక్కొక్కటే చెబుతూ, వేయని మాత్ర సంగతి కూడా వాళ్ళే చెప్పేసేవారు.