గుంజ లేని కప్పు

సాయంత్రం నాలుగూ నలభైకి కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజరు బండి ఆగింది. ఎక్కవలసినవాళ్ళు ఎక్కారు. మేమిద్దరం ఎక్కలేదు. గంట ముందే వచ్చిన బావ, నీడ కోసమని సరుకుల షెడ్డులోకి వెళ్ళి, తల పైకెత్తి అక్కడే నిలబడిపోయాడు. రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలిచేసరికి గార్డు పచ్చజెండా ఊపేశాడు.

మూటలు మోసే ముసలాయన ఒకడు మమ్మల్ని చూసి నవ్వాడు. "బండెల్లిపోనాది నాయినా. పైన పావురాలు గుడ్లెట్టినాయేటి, అలగ సూత్తన్నావు?"

బావ అంటే నా భర్త. మా మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచీ అలాగే పిలిచాను, పెళ్ళయ్యాకా మార్చలేదు. నిరుడు వేసవిలో పోయాడు. మాది వడ్రంగుల ఇల్లు. బావకు చదువు రాదు, నాకు పుస్తకాల పిచ్చి. కొలతలు కాగితం మీద పెట్టే పని నాది కాబట్టి, దూరపు పనులకు ఆయన వెంట నేనూ వెళ్ళేదాన్ని.

అది అరవయ్యో దశకం చివర. పొందూరు దగ్గర ఒక నేతవాళ్ళ పేట నుంచి కబురు వచ్చింది. వాళ్ళు పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి సరిచేస్తారు. వాన పడితే ఆ పని ఆగిపోతుంది, ఆ పని ఆగితే మగ్గం ఆగుతుంది. అందుకని పన్నెండు మూరల వెడల్పున ఒక పెంకుల సావిడి కావాలన్నారు. పడుగుకు అడ్డం రాకుండా మధ్యలో గుంజ ఉండకూడదన్నారు. మా వైపు ఏ ఇంటికైనా నిట్టాడు ఉంటుంది. నేలలో దిగి, వెన్నుదూలం దాకా నిలబడే నడిమి గుంజ అది. అది లేకుండా అంత వెడల్పు కప్పు మా ఇంట్లో ఎవరూ వేయలేదు. మా వల్ల కాదని చెప్పి రావడానికే ఆ రోజు బయలుదేరాం.

"సూడు," అన్నాడు బావ. "ఇన్ని పెంకులు మోత్తన్నాది. కింద ఒక్క గుంజ నేదు."

నేనూ చూశాను. అంతవరకు నేను ఎన్నో కప్పుల కింద బతికాను గాని ఒక్కదాన్నీ చూడలేదని అప్పుడు తెలిసింది. రెండు ఏటవాలు కలపలు పైన ఒకదానికొకటి ఆనుకున్నాయి. వాటి కాళ్ళను కలుపుతూ అడ్డంగా ఒక పొడుగు కలప. కొన నుంచి ఆ అడ్డకలప మధ్యకు ఒక పొట్టి గుంజ. ఆ గుంజ అడుగు నుంచి రెండు చేతులు పైకి చాచి ఏటవాలు కలపల్ని పట్టుకున్నాయి. అలాంటి చట్రాలు వరసగా ఆరు. ఆ అమరికను నా సంచిలో ఉన్న పోస్టుకార్డు వెనక గీసుకున్నాను. చీకటి పడేలోగా ఇంటికి నడిచి వెళ్ళిపోయాం. కాదని చెప్పడం ఆ రోజుకు తప్పింది.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కొబ్బరి ఈనెలతో ఆ చట్రం కట్టాం. నాలుగు ఈనెలతో చదరం కడితే వేలితో తోయగానే పక్కకు ఒరిగిపోయింది. మూడింటితో కడితే ఎటు తోసినా కదల్లేదు. అంతలో అడ్డంగా ఉన్న ఈనె విరిగింది. ఇంకో ఈనె తెచ్చేదాకా ఉంటుందని దాని చోట కుట్టుదారం కట్టాను. బావ ఊరికే కొన మీద వేలు పెట్టి నొక్కాడు. చట్రం నిలిచింది.

దారం దేన్నీ మోయలేదు, పట్టి లాగడమే దానికి వచ్చు. అంటే ఆ పెద్ద అడ్డకలప పైబరువును మోయడం లేదు. ఏటవాలు కలపల కాళ్ళు ఎడంగా జారిపోకుండా పట్టుకుని ఉంది. బావ తాళంకప్ప తెచ్చి ఆ దారం మధ్యన వేలాడదీశాడు. దారం కుంగింది. మధ్య గుంజ చోట కూడా దారం కట్టి, కొనకు ముడివేశాడు. కుంగడం ఆగింది.

"ఈ గుంజ నిలబడ్నేదే," అన్నాడు మెల్లగా. "యేలాడతన్నాది."

మా పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన ముఖం అలా వెలగడం నేను అదే మొదటిసారి చూశాను.

మావ, అంటే బావ తండ్రి, పక్కనే ఉలి నూరుకుంటున్నాడు. లేచి వచ్చి దారాన్ని వేలితో మీటి చూశాడు. "దారంతో ఇల్లు కట్టీసినారు. ఇంక గాలితో గోడలెట్టీయండి," అన్నాడు. తర్వాత నవ్వకుండా ఇంకో మాట అన్నాడు. "నిట్టాడు నేని కప్పు కింద నాను బువ్వ తిన్ను."

ఆ మాట బరువు మాకు తెలుసు. కప్పు వేశాక, పని కోసం నిలబెట్టిన ఊతకర్రలు తీసేసిన రోజున, దాన్ని కట్టిన వడ్రంగి ఇంటిల్లిపాదీ ఆ కప్పు కింద మొదటి అన్నం తినాలి. కట్టించుకున్నవాళ్ళు ఆ తర్వాతే లోపలికి వస్తారు. కుటుంబంలో పెద్దవాడు కూర్చోకపోతే, తన పిల్లల్ని ఆ కప్పు కిందికి ఏ తల్లీ తీసుకురాదు. బావ వేసిన మొదటి సొంత కప్పు అక్కడే అబద్ధమైపోతుంది. ఇదంతా తెలిసే బావ నేతవాళ్ళకు ఒప్పుకుంటున్నానని నాచేత ఉత్తరం రాయించాడు.

మా దగ్గర ముదురు తాటిమానులు ఉన్నాయి. భావనపాడు వైపు సముద్రంలో కలిసే ఉప్పునీటి గెడ్డలో నెలల తరబడి నానబెట్టినవి. పురుగు పట్టదు, చేవ ఇనుములా ఉంటుంది. బావ చట్రమంతా దానితోనే చేశాడు. ఇంటి కప్పు అంటే తాటి అని పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్ళం. అడ్డకలపను బరువు లాగుతుందని దారం చెప్పింది. తాటిని లాగితే ఏమవుతుందని మేము అడగలేదు.

పేటలో మొదటి చట్రాన్ని నడుమెత్తు రాళ్ళ మీద నిలబెట్టి, ఇసక బస్తాలు ఎత్తి చూశాం. నాలుగో బస్తాకు ఒక కాలి దగ్గర చిరిగిన చప్పుడైంది. సీల విరగలేదు. సీల పట్టిన కన్నం కలప కొసదాకా చీలిపోయింది. చట్రం కాళ్ళు చాపేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేతవాళ్ళ పెద్ద బావ పక్కన కూర్చుని, పోనీ మధ్యలో ఒక్క గుంజ వేసేయమని, ఎలాగో సర్దుకుంటామని నెమ్మదిగా చెప్పాడు. తిట్టినా బాగుండేది. బావ రెండు రోజులు ఉలి ముట్టలేదు.

మూడో రోజు మావ వచ్చాడు. ఎవరూ కబురు పెట్టలేదు. బండిలో వచ్చినవాళ్ళ నోట విన్నాడట. తిన్నగా ఆ చీలిక దగ్గరకు వెళ్ళి బొటనవేలు పెట్టి తడిమాడు.

"ఒరే, తాటి మొయ్యమంటే మోత్తాది. లాగితే సీలిపోతాది. పోగులన్నీ పక్కపక్కన పడుంటాయి గాని ఒకదాన్నొకటి పట్టుకోవు."

తర్వాత నా వైపు తిరిగి ఆ దారం బొమ్మ ఉందా అని అడిగాడు. ఉంది. కొలతలు మరిచిపోకుండా వెంట తెచ్చుకున్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నొక్కుతూ, వదులుతూ కూర్చున్నాడు. ఏటవాలు కలపలు తాటివే ఉంచమన్నాడు. అడ్డానికీ, వేలాడే గుంజకూ మద్దికర్ర వాడమన్నాడు. కాళ్ళ దగ్గర సీలను నమ్ముకోకుండా పాత బండిచక్రాల ఇనప పట్టాలను కొలిమిలో కాల్చి చుట్టించమన్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. అన్నానికి వస్తానని గాని రానని గాని అనలేదు. బావ అడగలేదు.

ఈసారి పన్నెండు బస్తాలు పెట్టినా చట్రం కదల్లేదు. ఐదు చట్రాలు గోడల మీదికి ఎక్కించాం. చట్రానికీ చట్రానికీ మధ్య ఏటవాలుగా కర్రలు కొట్టాం. అవి లేకపోతే ఒకటి ఒరిగితే అన్నీ ఒరుగుతాయి. చూరు మూరకు మించి బయటికి రానివ్వలేదు. తుఫాను గాలి చూరు కింద చెయ్యి పెట్టి లేపేస్తుందని బావ అనేవాడు. పెంకులు రెండు వాలుల మీదా ఒకేసారి, చూరు నుంచి పైకి పేర్పించాడు. ఒక పక్కే ముందు పేరిస్తే ఆ బరువు కప్పును రెండో పక్కకు తోసేస్తుంది. వానకు తడిసిన పెంకు ఎంత బరువుంటుందో ముందే ఒక గంపెడు నీళ్ళలో ముంచి ఎత్తి చూసుకున్నాడు.

ఊతకర్రలు తీసేది పొద్దున్నే. అత్త, నేను అన్నం వండి పట్టుకెళ్ళాం. మావ మాతో బండి ఎక్కాడు గాని దారిలో కప్పు గురించి మాట్లాడలేదు. బావ ఒక్కో కర్రనూ సుత్తితో తట్టి తీశాడు. తీసినప్పుడల్లా మద్దికర్ర చిన్నగా మూలిగి సర్దుకునేది. ఆఖరిది తీశాక ఏ చప్పుడూ లేదు. నేను తలెత్తి చూశాను. అంత బరువు మా తలల మీద ఉంది. గోడల దగ్గర తప్ప అది నేలను ఎక్కడా తాకడం లేదు. మనుషులు చేసినవాటిలో నేను ఆ తర్వాత చాలా చూశాను, చాలా చదివాను. ఏదీ దానికి సాటి రాలేదు.

నాలుగు ఆకులు పరిచాను. మావ గుమ్మం బయటే ఉన్నాడు. నేతవాళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఆయన వెనక నిలబడ్డారు. కాసేపటికి ఆయన లోపలికి వచ్చాడు. పైకి చూస్తూ గోడల వెంట ఒక చుట్టు తిరిగాడు. సరిగ్గా నడిమధ్యకు వచ్చి, నిట్టాడు పాతవలసిన చోట నేలను కాలితో రుద్దాడు. నేను వేసిన ఆకు తెచ్చుకుని అక్కడ కూర్చున్నాడు.

"పెట్టవే. ఆకలేత్తన్నాది."

బావ ఆకు ముందు కూర్చున్నాడు గాని చెయ్యి అన్నం దాకా పోవడం లేదు. మావ ముద్ద మింగి కొడుకు వైపు చూశాడు.

"ఏటిరా, నువ్వు కట్టినదాని కింద నీకే బయ్యమేటి? తిను."

బావ తిన్నాడు. మేము లేవకముందే ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

ఆ తర్వాత బావ అలాంటి కప్పులు చాలా వేశాడు. మావ బతికున్నంత కాలం ప్రతిదాని కిందా కూర్చున్నాడు. పోయిన ఏడు ఆసుపత్రి మంచం మీద పడుకుని బావ రోజంతా పైకే చూసేవాడు. నున్నటి సిమెంటు పలక. ఇందులో చూడడానికి ఏమీ లేదని ఒకరోజు నాతో అన్నాడు.

ఇప్పుడు కప్పు కట్టినవాళ్ళు దాని కింద మొదటి అన్నం తినడం లేదు.