వందలోంచి ఏడు

లెక్కల మాస్టారిని ఎవరైనా నా ఎదుట పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎంత పద్ధతిగల మనిషో అంటారు. ఆ పద్ధతితో రోజూ వేగాల్సింది నేను. ఈ వృద్ధాశ్రమంలో ఇరవై రెండేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. ముప్పై నాలుగు మంది ముసలివాళ్ల బీపీలు, షుగర్లు, మోకాళ్ల నొప్పులు, అలకలు అన్నీ నా నెత్తిమీదే. అందరూ ఒక ఎత్తు, ఆయనొక్కడే ఒక ఎత్తు.

భార్యతో కలిసి ఇక్కడికి వచ్చిన మొదటి వారమే నా మందుల చార్టు అడిగి తీసుకుని, ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చాడు. నా ఏడు ఒకటిలా ఉందట. ఒకచోట పొరపాటున రాసింది గీత కొట్టేసి పక్కన సరిగ్గా రాశాను. దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు.

"కొట్టివేతలు లేకుండా రాయాలి సిస్టర్. చూసేవాళ్లకి అనుమానం వస్తుంది," అన్నాడు.

చేతిలో ఉన్న బీపీ మిషను ఆయన నెత్తిన పెట్టి కొట్టాలనిపించింది. "అలాగే మాస్టారూ," అని నవ్వి ఊరుకున్నాను. ఊరుకోక ఏం చేస్తాను? ఆయన పట్టిన తప్పుల్లో ఒకటి నిజంగానే తప్పు. పక్కగది పెద్దావిడకి గుండె మాత్ర రోజుకి ఒకటి రాయాల్సింది, రెండు రాశాను. ఆ రోజు నుంచి ఆయన దృష్టిలో నేను నర్సును కాదు, వెనక బెంచీ పిల్లను.

ముప్పై ఎనిమిదేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. తన సర్వీసులో ఒక్కడిని కూడా కాపీ కొట్టనివ్వలేదని కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతాడు. కన్నకూతురికి రెండు మార్కులు తక్కువై లెక్కలు తప్పితే, కలపమని హెడ్మాస్టరే చెప్పినా కలపలేదట. ఆ పిల్ల అదే తరగతి మళ్లీ చదివింది. ఇప్పుడావిడకి యాభై రెండేళ్లు. రెండు వారాలకోసారి చూడటానికి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆ రెండు మార్కుల మాట ఎత్తుతుంది. ఆయన మాత్రం "ఇప్పుడైనా కలపను" అంటాడు.

ఇక అమ్మగారు, అంటే ఆయన భార్య. ఆయన గొంతు గేటు దాకా వినిపిస్తే ఆవిడ మాట పక్క కుర్చీకి వినిపించదు. పొద్దున లేచింది మొదలు "ఏమండీ" అని పిలుస్తూనే ఉంటుంది. పనేమీ ఉండదు. ఆయన ప్రతిసారీ "ఆఁ" అంటాడు. అది విని ఊరుకుంటుంది. ఏడాది నుంచి ఆవిడకి మతిమరుపు మొదలైంది. కళ్లజోడు సబ్బుపెట్టెలో దొరికేది. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకా వడ్డించలేదేమని మళ్లీ కూర్చునేది.

ఇక్కడ ఒక నియమం ఉంది. పై అంతస్తు తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్లకి. అది చేతకాకపోతే కింద ఎనిమిది మంచాల హాలు. మంచాలకి పక్క కమ్మీలు, మధ్యలో తెరలు, ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా. పై అంతస్తు వాళ్లనైనా సరే, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా తప్ప లోపలికి రానివ్వం. పై వాళ్లకి ఆ హాలంటే వణుకు. కిందికి దింపారంటే ఇక పైకే అని తమలో తాము జోకులు వేసుకుంటారు. ఎవరూ నవ్వరు.

పైన ఎవరుండాలో కింద ఎవరుండాలో తేల్చేది డాక్టరు. నెలకోసారి, మొదటి గురువారం వస్తాడు. డెబ్బై ఐదు దాటిన వాళ్లని వరసగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు. ఇవాళ ఏ వారం, ఏ తేదీ, మీరున్న చోటేది. తర్వాత మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటాడు: గొడుగు, నిచ్చెన, నిమ్మకాయ. వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమంటాడు. చివర్లో ఆ మూడు మాటలూ మళ్లీ అడుగుతాడు. మంచివాడే, హస్తవాసి ఉన్నవాడే, కానీ బద్ధకం. ఆరేళ్లుగా అదే గొడుగు, అదే నిచ్చెన, అదే నిమ్మకాయ.

మాస్టారు ఈ సంగతి రెండు నెలల్లో కనిపెట్టాడు. ఒక బుధవారం నేను ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లి వాళ్ల గది గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మగారు మంచం మీద కూర్చుని ఎక్కాలు అప్పజెబుతున్నట్టు చెబుతోంది. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై ఐదు."

"గొడుగు తర్వాత?" అన్నాడు మాస్టారు.

"నిచ్చెన, నిమ్మకాయ."

"శభాష్. మళ్లీ మొదటినుంచి."

"మాస్టారూ!" అన్నాను.

ఆయన ఉలిక్కిపడలేదు, సిగ్గూ పడలేదు. "తలుపు వేసి వెళ్లండి సిస్టర్. చదువుకునే చోట గొడవ పనికిరాదు," అన్నాడు.

తలుపు వేసి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. యాభై ఆరేళ్ల కాపురాన్ని రోజుకి ఒక గంటకి కుదించే పని నా చేతుల మీదుగా జరగడం ఇష్టం లేకపోయింది. అదే నేను చేసిన తప్పు. తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే చిర్రెత్తుతుంది.

ఒక నెల, డాక్టరు వచ్చే రోజుకి ముందు నుంచే అమ్మగారిలో తేడా వచ్చింది. కూర్చున్నచోటే జోగేది. దుప్పటి అంచు పీకుతూ ఉండేది. నన్ను "వదినా" అంది. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని చూస్తూ కూర్చుంది. ఏంటి మాస్టారూ ఇలా ఉన్నారంటే, నిద్ర సరిగ్గా పట్టలేదన్నాడు. మర్నాడు వాళ్ల బాత్రూములో తడి దుప్పటి ఆరేసి ఉంది. నడుం వంగని ఎనభై ఒక్కేళ్ల మనిషి తనే ఉతికాడు. "మంచినీళ్లు ఒలికాయి," అన్నాడు. అబద్ధం అలవాటు లేని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. నేను అప్పుడే గట్టిగా అడగాల్సింది. కింద ఇద్దరికి జ్వరాలు, ఒకాయన మంచం మీంచి పడ్డాడు. రేపు డాక్టరు ఎలాగూ వస్తున్నాడుగా అనుకున్నాను.

గురువారం అమ్మగారు ఇస్త్రీ బట్టలతో, దువ్విన తలతో, మొహానికి పౌడరుతో డాక్టరు ముందు కూర్చుంది. అడిగినవన్నీ చెప్పింది. వందలోంచి ఏడు గడగడా అప్పజెప్పింది. గొడుగు, నిచ్చెన, నిమ్మకాయ. ఒక్కటి పొల్లుపోలేదు.

"ఈవిడ నాకంటే నయం," అని డాక్టరు పెన్ను మూసేశాడు. లేవబోతూ, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"తొంభై మూడు," అంది అమ్మగారు.

అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. హాస్యమాడిందనుకుని డాక్టరూ నవ్వాడు. నేను మాస్టారి మొహం చూశాను. ఆయన నవ్వలేదు.

డాక్టరు మెట్లు దిగుతుంటే నేను మాస్టారిని వరండాలోకి లాక్కెళ్లినంత పని చేశాను. "పక్క ఎన్నాళ్ల నుంచి తడుస్తోంది? నిజం చెప్పండి."

"నాలుగు రోజులు." ఎవరైనా వింటున్నారేమోనని ఆయన అటూ ఇటూ చూశాడు. "మతిమరుపు ముదిరింది సిస్టర్. ఎవరికీ చెప్పకండి. వచ్చే నెలకి ఇంకా బాగా చదివిస్తాను."

"మతిమరుపు నాలుగు రోజుల్లో ఇలా ముదరదు మాస్టారూ! మూత్రంలో ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది. ఈ వయసులో ఒక్కోసారి జ్వరం కంటే ముందు మతి తప్పుతుంది. దానికి మందుంది! వేస్తే తగ్గుతుంది, దాస్తే మనిషే దక్కదు. తగ్గని జబ్బుకి భయపడి తగ్గే జబ్బుని దాచిపెట్టారు. ఇదేం లెక్కండీ?"

ఇరవై రెండేళ్లలో ఇక్కడ ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు. నేను డాక్టరుకి చెప్పొస్తానని కదలబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "తప్పు నాది," అన్నాడు. చేతికర్ర కూడా మరిచిపోయి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. పడతాడేమోనని నేను వెనకే పరుగెత్తాను.

డాక్టరు అప్పుడే కారు తలుపు తీస్తున్నాడు.

"ఆగండి డాక్టరుగారూ. పేపరు లీకయింది."

"ఏ పేపరు మాస్టారూ?"

"మీ పేపరే. లీకు చేసింది నేనే. మా ఆవిడకి ఏమీ గుర్తుండటం లేదు. నాలుగు రోజులుగా అసలు బాగాలేదు. మళ్లీ పరీక్ష పెట్టండి."

డాక్టరు వెనక్కి వచ్చాడు. ఈసారి వేరే మాటలు చెప్పాడు: దువ్వెన, కిటికీ, తాడు. అమ్మగారు "గొడుగు" అని ఆగి, మాస్టారి వైపు చూసింది. "ఏమండీ," అంది. మొట్టమొదటిసారిగా ఆయన "ఆఁ" అనలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేననుకున్నదే. ఇన్ఫెక్షన్ మూత్రపిండాల దాకా పాకింది. ఇంకో రోజు ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. కింద హాల్లో పది రోజులు ఇంజెక్షన్లు వేశాం. ఆవిడ లేచి కూర్చుంది, తింది, నన్ను గుర్తుపట్టింది. కానీ మతిమరుపు ఎక్కడిదక్కడే ఉంది. ఇక కిందే ఉండాలన్నారు. సంగతి విన్న కూతురు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "నాకు రెండు మార్కులు వేయని మనిషి, అమ్మకి పేపరంతా ఇచ్చేశాడా?" అంది. తర్వాత ఆ నీళ్లు ఆగలేదు.

ఆ నెలంతా నాకు నరకం. ఆయన మూడింటికే హాలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకునేవాడు. ఐదింటికి లేపితే నా గడియారం రెండు నిమిషాలు ముందుందని వాదించేవాడు. నా చార్టు దిద్దడం మానేశాడు. అంతకంటే బెంగ ఏముంటుంది? కింద అమ్మగారు పొద్దస్తమానం "ఏమండీ, ఏమండీ" అంటూనే ఉండేది. వినలేక ఒకసారి నేనే "ఆఁ" అన్నాను.

"నువ్వు కాదు," అంది.

మళ్లీ గురువారం వచ్చింది. ఇప్పుడు డాక్టరు ఒక్కొక్కరికీ మాటలు మారుస్తున్నాడు. మాస్టారి వంతు వచ్చింది.

"ఇవాళ ఏ వారం మాస్టారూ?"

"ఆదివారం."

నేను తలెత్తాను.

"మీరున్న చోటేది?"

"బడి."

"వందలోంచి ఏడు తీసేస్తే?"

ఇక్కడ ఆయన ఆగిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ నోటినుంచి రాని తప్పు లెక్క ఇప్పుడు రానంటోంది. నాకు అర్థమైపోయింది. అయ్యో అనిపించింది, అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"తొంభై... నాలుగు," అన్నాడు.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. అమ్మగారి పక్కమంచం వారం నుంచి ఖాళీగా ఉందని డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు, ఎదురుగా ఉన్న ఈ మొండిమనిషికి అందరికంటే బాగా తెలుసు. "ఏమంటారు సిస్టర్?" అన్నాడు నావైపు తిరిగి.

కింద ఉన్న ఏడుగురితోనే నా నడుం విరుగుతోంది. ఇక ఈయన కూడా అక్కడే తిష్ట వేస్తే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ప్రతి అంకెనీ దిద్దుతాడు.

"నెల రోజుల నుంచి బాగా తేడాగా ఉన్నారు డాక్టరుగారూ," అన్నాను.

చార్టు తీసి రాయడం మొదలుపెట్టాను. చెయ్యి అలవాటుగా తొంభై మూడు అని రాసేసింది. గీత కొట్టి, పక్కన తొంభై నాలుగు రాశాను.

మాస్టారు కుర్చీలోంచి వంగి చూశాడు.

"కొట్టివేతలు లేకుండా రాయాలి సిస్టర్," అన్నాడు మెల్లగా. "చూసేవాళ్లకి అనుమానం వస్తుంది."