బడేబీ డబ్బా

డేగ కనిపిస్తే చెప్పు తీసే మనిషి ఫకీర్ మహమ్మద్. ఇందులో నా కల్పన రవ్వంత కూడా లేదు. వరంగల్ కరీమాబాద్‌లో ఆయన డాబా మీద పావురాలు ఎగిరినన్నాళ్ళూ, ఆకాశంలో డేగ నీడ కదిలిందంటే చాలు, చెప్పూ తిట్టూ కలిసే పైకి లేచేవి. ఒకసారి ఆయన విసిరిన చెప్పు గోడ దాటి, పక్కింటి కట్టమ్మ ఎండబోసుకున్న మిరపకాయల మీద పడింది.

"ఏంది ఫకీరన్నా, డేగను కొట్టినవా, నా మిరపకాయలను కొట్టినవా?" అని ఆవిడ గోడ మీది నుంచి ఆ చెప్పు తిరిగి విసిరింది. గురి విషయంలో ఆవిడే నయం. చెప్పు సరిగ్గా ఆయన కాళ్ళ దగ్గరే పడింది.

అలాంటి మనిషి డెబ్భై దాటాక ఒక డేగను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కైమా తినిపించాడంటే నమ్ముతారా? గల్లీలో కూడా ఎవరూ నమ్మలేదు, డాబా ఎక్కి చూసేదాకా.

దూది ఏకడం వాళ్ళ ఇంటి పని. తాత ఏకాడు, తండ్రి ఏకాడు, ఈయనా ఏకాడు. వయసులో ఉన్నప్పుడు భుజాన విల్లు వేసుకుని మట్టెవాడ నుంచి హనుమకొండ దాకా గల్లీలన్నీ తిరిగేవాడు. ఇంటి ముందు కూర్చుని నారి మీద కొయ్య గుద్దితో కొట్టాడంటే, గడ్డకట్టిన పాత దూది మళ్ళీ పొంగి వాకిలంతా తెల్లబడేది. ఆయన కుట్టిన పరుపు మీద పెళ్ళిళ్ళు జరిగాయి, పురుళ్ళు జరిగాయి. ఆ తర్వాత ఫోము పరుపులు ఆటోల మీద రావడం మొదలైంది. విల్లు గోడకెక్కింది. ఇప్పుడు తెలిసినవాళ్ళు అడిగితే ఏ దిండో కుట్టి ఇస్తాడు, అంతే.

పిల్లలు లేరు. భార్య బడేబీ, డాబా మీద పావురాలు, వీధి మొగలో చాయ్ హోటలు, ఆయన లోకం ఇంతే. పావురాలు ఎగరేసేవాళ్ళు నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేస్తారు. ఈయనకు ముందు పళ్ళు ఊడిపోయాక ఈల బదులు ఉత్త గాలి వచ్చేది. అప్పుడు బడేబీ ఒక పాత డాల్డా డబ్బాలో గుప్పెడు జొన్నలు పోసి గలగలలాడించడం మొదలుపెట్టింది. పొద్దుగూకే వేళకు ఆ సప్పుడు వినబడితే, ఎక్కడున్న పావురాలైనా తలమీద రెండు చుట్లు తిరిగి డాబా మీద వాలేవి. చాయ్ హోటల్లో కూర్చున్న ఫకీరు కూడా లేచి చెప్పులు తొడుక్కునేవాడు.

"ఏం భాయ్, జొన్నలు నీకు కూడా పెడ్తదా?" అని దోస్తులు నవ్వేవాళ్ళు.

"పెట్టకపోతె పోనీ. పిలుస్తాంది గద," అనేవాడు.

రెండేళ్ళ కింద బడేబీ పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోతే, జ్వరమే పెద్దదై కూర్చుంది. మట్టి అయ్యాక పరకాలలో ఉన్న చెల్లెలు వచ్చి, ఒంటరిగా ఉంటే మనాది పట్టుకుంటుందని ఆయన్ని తనతో తీసుకుపోయింది. కొన్ని వారాలకు తిరిగి వచ్చేసరికి గూళ్ళన్నీ ఖాళీ. కొన్ని డేగల పాలు, కొన్ని పిల్లుల పాలు, మిగతావి గింజలు పడ్డ డాబాలకు చేరిపోయాయి. పావురాలను తప్పుపట్టలేం. తినబెట్టే చెయ్యి ఎక్కడుంటే అక్కడే దిగుతాయి. కానీ ఆ ఖాళీ గూళ్ళ ముందు నిలబడ్డప్పుడు ఆయనకు తన బతుకు మొత్తం ఎవరో ఊడ్చేసినట్టు అనిపించింది. మళ్ళీ కొత్త జత కొనలేదు. చాయ్ హోటల్లో మాత్రం పొద్దుగూకే వేళకు దిగ్గున లేచేవాడు, డబ్బా సప్పుడు విన్నట్టే ఉండేది. లేచాక గుర్తొచ్చేది. ఏం చేస్తాడు, మళ్ళీ కూర్చునేవాడు.

ఇక డేగ సంగతి.

మొన్న నవంబరులో తుపాను పట్టి వరంగల్ అంతా నీళ్ళలో నానింది. వాన వెలిసిన పొద్దున డాబా ఎక్కితే, ఖాళీ గూళ్ళలో కింది దాంట్లో ఏదో కదిలింది. పావురం తిరిగొచ్చిందని ఆయన గుండె ఒక్కసారి పొంగింది. వంగి చూశాడు. వంకర ముక్కు. డేగ! చెప్పు చేతిలోకి వచ్చేసింది. తడిసి ముద్దయిన ఆ పిట్ట పారిపోలేదు, అరవలేదు. ఒక రెక్క నేలకు వేలాడేసి, ఎర్రటి కాళ్ళ మీద నిలబడలేక నిలబడి ఆయన వైపు చూసింది. పావురమంతే ఉంది. చెప్పు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"పావురాలు అయిపోయినయ్ బిడ్డా," అన్నాడు దానితో. "నువ్వు లేటుగొచ్చినవ్."

కిందికి పోయి దూది తెచ్చాడు. దూదికి ఆ ఇంట్లో కొదవా? ఒళ్ళు తుడిచి, గూట్లో మెత్తగా పరిచి దాన్ని పడుకోబెట్టాడు. కైమా తెచ్చి, చిన్న చిన్న ఉండలు చేసి పెట్టాడు. మొదటి రోజు ముట్టలేదు. రెండో రోజు ఆయన వేలితో సహా పట్టుకుంది.

కట్టమ్మ మనుమరాలు భవాని కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ చదువుతోంది. సంగతి తెలిసి గోడ దూకినంత పని చేసి వచ్చింది.

"తాతా, ఇది మన డేగ కాదు. అముర్ ఫాల్కన్. చైనా అవతల పుడ్తది. నాగాలాండ్ల కొన్ని దినాలు ఆగి, మన మీదికెళ్ళి పోయి, సముద్రం దాటి ఆఫ్రికాకు పోతది."

"ఇంత పిట్టనా?" ఫకీరు దాన్నీ, భవానినీ మార్చి మార్చి చూశాడు. "మజాక్ చేస్తానవా?"

"ఒట్టు తాతా. గుంపులు గుంపులు పోతయ్. ఎండకాలం మళ్ళ వెనకకు పోతయ్, అది వేరే తొవ్వ."

"మరి దాని ఇల్లు ఏడ ఉన్నట్టు?"

"రెండు దిక్కుల ఉంటది."

"రెండు దిక్కుల ఇల్లున్నదంటె ఏ దిక్కూ లేనట్టే," అని తేల్చేశాడాయన. ఆ మాట అనేటప్పుడు గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

భవాని ఇంకో మాట కూడా చెప్పింది. ఈ రోజుల్లో గాలి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి దన్నుతోనే ఇవి దాటుతాయి. నెలాఖరుకల్లా గుంపులన్నీ వెళ్ళిపోతాయి, ఆ తర్వాత ఇది ఒక్కతే దాటాలంటే కష్టం. "రెక్క బాగైందనంగనే ఇడిసిపెట్టు తాతా. లేకుంటె ఫారెస్టోళ్ళకు చెప్పి నేనే తీస్కపోత."

"అట్లనే బిడ్డా, నాకెందుకు అది?" అన్నాడు.

వారం తిరిగేసరికి రెక్క బాగైంది. గూటి నుంచి పిట్టగోడ మీదికి ఎగిరింది కూడా. ఆ ఎగురుడు చూసి ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పరుపులు కుట్టే తెల్ల దారం తెచ్చి, రెక్క చివరి ఈకలు నాలుగింటిని కలిపి కట్టేశాడు. పావురాలోళ్ళ పద్ధతి అది. కొత్త పావురాన్ని తెస్తే కొన్నాళ్ళు ఈకలు కట్టి ఉంచుతారు. ఆ డాబా, ఆ గింజలు, ఆ సప్పుడు దానికి అలవాటవుతాయి. ఇంటికి మరిగాక దారం తెంపితే, ఎంత దూరం ఎగిరినా పొద్దుగూకేసరికి వచ్చి వాలుతుంది. జీవితమంతా అట్లాగే చేశాడు, ఎప్పుడూ తప్పలేదు. డేగవి మాత్రం రెక్కలు కావా, దానికి ఆకలి కాదా అనుకున్నాడు.

అటక మీది నుంచి డాల్డా డబ్బా దించాడు. బడేబీ పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. తిండి పెట్టే ముందల్లా గలగలలాడించేవాడు. డేగ తెలివి డేగకు ఉంది. నాలుగు రోజుల్లో ఆ సప్పుడు వింటే చాలు, డాబా ఆ మూల నుంచి కాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చి ఆయన మోకాలెక్కేది. ఆ బరువు ఎంతని! అయినా ఆ కాసింత బరువుకే ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉండేది. పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికింది. మధ్యాహ్నం దానితో మాట్లాడేవాడు. బడేబీ వండే బగారన్నం గురించి డేగకు చెప్పిన మనిషి వరంగల్‌లో ఈయన ఒక్కడే అయి ఉంటాడు.

భవాని అడిగినప్పుడల్లా "ఇంక నొప్పున్నది బిడ్డా, జర ఆగు" అనేవాడు. ఆ పిల్ల నమ్మింది. కట్టమ్మ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. గోడ మీది నుంచి చూస్తూ ఉండి, ఒకరోజు అననే అంది:

"అన్నా, దాని రెక్కకు దారం కనబడ్తాంది. నొప్పి దానికా, నీకా?"

ఫకీరు ఆ రోజు కైమా రెండింతలు పెట్టాడు.

ఆ మరుసటి సాయంత్రం గుంపు వచ్చింది. మొదట రెండు మూడు చుక్కలు, ఆ వెనక ఆకాశం పట్టనన్ని. కోట వైపు పొలాల మీద దిగి, పెద్ద కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చున్నాయి. కొన్ని డాబా మీదుగా అరుచుకుంటూ పోయాయి. డేగ ఆ అరుపు వింది. ఒళ్ళంతా నిటారుగా చేసి, ఇన్నాళ్ళూ ఆయన వినని గొంతుతో తనూ అరిచింది. రెక్కలు కొట్టింది. ఒక రెక్క విచ్చుకుంది, కట్టిన రెక్క విచ్చుకోలేదు. పక్కకు పడింది. లేచి మళ్ళీ కొట్టింది. పిట్టగోడకు తగిలి మళ్ళీ పడింది. ఫకీరు కంగారుగా డబ్బా ఆడించాడు. అది తల తిప్పనైనా లేదు.

పిలుపు వినబడుతోంది, పోవడానికి లేదు. ఆ బాధ ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? రెండేళ్ళుగా చాయ్ హోటల్లో లేచి కూర్చుంటున్నది ఎవరు? దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెకు అదుముకున్నాడు. "తౌబా తౌబా," అన్నాడు. "ఎంత పాపం చేసిన నేను." దాని గుండె దడదడ ఆయన అరచేతికి తెలుస్తూనే ఉంది.

తెల్లవారింది. గుంపు ఇంకా తీగల మీదే ఉంది. ఫకీరు కత్తెర తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు. తన సంగతి తనకు తెలుసు. దారమైతే తెంపుతాడు. కానీ అది పైకి లేచిన క్షణంలో చెయ్యి డబ్బా మీదికి పోతుంది, ఆ సప్పుడుకు అది దిగుతుంది, దిగితే ఇక మళ్ళీ తెంపే ధైర్యం రాదు. అందుకని డబ్బా మూత తీసి, జొన్నల మీద దూది కుక్కాడు. పరుపు మూలలు ఎట్లా కుక్కుతాడో అట్లా, వేళ్ళతో అదిమి అదిమి. మూత పెట్టి ఆడించి చూశాడు. సప్పుడు లేదు. అప్పుడు దారం తెంపాడు.

డేగ పిట్టగోడ ఎక్కింది. అక్కడి నుంచి కట్టమ్మ ఇంటి డిష్ మీదికి, అక్కడి నుంచి గాల్లోకి. డాబా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఫకీరు తల ఎత్తి దాన్నే చూస్తున్నాడు. రెండో చుట్టు తిరిగింది. పావురం చుట్టు తిరిగిందంటే దిగడానికే! యాభై ఏళ్ళుగా ఆ కళ్ళు చూసింది అదే.

"వస్తాంది! మరిగింది, దిగుతాంది!"

అంతే, చేసుకున్న ఏర్పాటు మరిచిపోయాడు. డబ్బా అందుకుని ఆడించాడు. సప్పుడు రాలేదు. రెండు చేతులా పట్టుకుని, ముసలి భుజాలు ఊడిపోయేటట్టు ఆడించాడు. మూత ఊడబీకి దూది లాగబోతే, గట్టిగా కుక్కిన దూది అంత తొందరగా వస్తుందా? పీచు పీచుగా వేళ్ళకు చుట్టుకుంది. మళ్ళీ తలెత్తేసరికి డేగ మూడో చుట్టులో ఉంది, రెండో దానికంటే చాలా ఎత్తున. అప్పటికి గానీ ఆయనకు అర్థం కాలేదు. అది దిగడానికి తిరగడం లేదు, ఎక్కడానికి తిరుగుతోంది. కోట వైపు నుంచి గుంపు లేచింది. అది వాటిలో కలిసిపోయింది. ఇక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కొంతసేపటికి అవీ లేవు.

భవాని కాలేజీకి పోతూ గోడ దగ్గర ఆగి, "పోయిందా తాతా?" అని సంబరంగా అడిగింది. "పోయింది బిడ్డా," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ పిల్ల ఫోటో తీయనందుకు నొచ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పగలంతా ఆయన డాబా దిగలేదు. చాయ్‌కి పోలేదు. కట్టమ్మ ఒకటి రెండు సార్లు గోడ మీది నుంచి తొంగి చూసి, మాట్లాడించబుద్ధి కాక వెళ్ళిపోయింది. ఖాళీ గూటి ముందు కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, దూది కొంచెం కొంచెంగా లాగి పక్కన పెడుతూ ఉన్నాడు.

పొద్దుగూకే వేళకు కరీమాబాద్ గల్లీలో డాల్డా డబ్బా గలగలమంది. కట్టమ్మ చేతిలో పని వదిలేసి గబగబా మెట్లెక్కి వచ్చింది.

"అది మళ్ళ వచ్చిందా ఏంది అన్నా? ఎవర్ని పిలుస్తానవ్?"

ఫకీరు ఆడించడం ఆపలేదు.

"ఎవ్వరు రాలె కట్టమ్మా. పొద్దుగూకింది గద, నన్ను నేనే పిలుసుకుంటాన."

ఇంకో రెండు సార్లు ఆడించి, మూత పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.