సైకిలు నాది, వెనకాల కొబ్బరికాయల వ్యాను

మంగళవారం పొద్దున్న కాలేజీకని సైకిలెక్కినదాన్ని, కొబ్బరికాయల మీద పడుకుని ఆసుపత్రికి వెళ్ళేను. నవ్వకండి. ముందు ఆ తలుపు వెయ్యండి, మగ మేష్టార్లు వింటే నా పరువు పోతుంది.

జువాలజీ చెప్పేదాన్ని కదా, కప్ప గుండెకి మూడు గదులు, మనిషి గుండెకి నాలుగు అని ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. నా నాలుగు గదుల్లో ఏం జరుగుతోందో మాత్రం చూసుకోలేదు. ల్యాబు మెట్లెక్కితే చాలు, ఆయాసం! మొన్న వేసవిలో డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, బీపీ చూసి, "మీ నాన్నగారు ఏ వయసులో పోయేరండీ?" అన్నారు.

"నలభై ఎనిమిదండీ. గుండెపోటు."

"మీకిప్పుడు?"

"నలభై ఆరు."

ఆయన పట్టీ విప్పి పక్కన పెట్టేరు.

"రోజూ సైకిలు తొక్కండి," అన్నారు. "చెమట పట్టాలి, మాట్లాడలేనంత రొప్పు మాత్రం రాకూడదు. గుండె కూడా కండే కదండీ, పని చెబితేనే గట్టిపడుతుంది. మూడు నెలలు చూద్దాం. బీపీ దిగకపోతే ఇంక మాత్రలే."

మా అమ్మాయి హాస్టలుకెళ్తూ వదిలేసిన లేడీస్ సైకిలు కొట్టుగదిలోంచి బయటికొచ్చింది. తొక్కడం కష్టం కాలేదు. కష్టమల్లా మనవాళ్ళ మర్యాదే! కాలువ గట్టు మీద ఎదురైన ప్రతివాళ్ళూ బండి ఆపేసేవారు. "అయ్యో, స్కూటరు పాడైందాండీ? రండి, మేం దింపేస్తాం." తొక్కేదానికన్నా సంజాయిషీ చెప్పుకునేదే ఎక్కువైపోయింది. ఒకరోజు విసుగొచ్చి, "గుండె కోసమండీ!" అని అరిచి ముందుకెళ్ళిపోయేను.

అదే నేను చేసిన పొరపాటు. సాయంత్రానికల్లా గట్టంతా "మేడమ్‌గారికి గుండెట" అని తెలిసిపోయింది.

ఇంక మంగళవారం సంగతి. గంజి పెట్టిన నేతచీర కట్టేను. కాలువ గాలికి పైట ఎగిరి చక్రంలో పడుతోందని గుండెల దగ్గర ఓ పిన్నీసు పెట్టేను. సరిగ్గా వీర్రాజు బాబాయిగారి కొబ్బరి రాశి దగ్గరికొచ్చేసరికి ఆ పిన్నీసు ఊడి, కసుక్కున దిగింది! బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆన్చి, ఎడంపక్క చెయ్యి అదుముకుని కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి కాయలొలిచే వాళ్ళందరూ నా చుట్టూ ఉన్నారు. అందరూ మగవాళ్ళే.

"ఏమైందమ్మాయ్?" అన్నారు బాబాయిగారు. మా నాన్నగారిని అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, అరవై దాటినాయన.

ఏమని చెప్పను? చెప్పుకునే చోటు కాదే! "ఏం లేదు బాబాయిగారూ..."

"అన్నయ్యగారూ ఇలాగే ఏం లేదన్నారు. ఒరే సత్తిబాబూ, వ్యాను తియ్యి!"

అంతే. కాయలు సగం నింపిన వ్యానులో నన్నెక్కించి పడుకోబెట్టేసేరు. పక్కన సైకిలు. దాని పక్కన బాబాయిగారు. మీరెప్పుడైనా కొబ్బరికాయల మీద పడుకున్నారా? పడుకోకండి. రోడ్డు సంగతి తెలిసిందే. గొయ్యి వచ్చినప్పుడల్లా పిన్నీసు దిగడం, నేను "అబ్బా!" అనడం, "సత్తిబాబూ, ఇంకా తొందరగా పోనీరా!" అని బాబాయిగారు కేకెయ్యడం. వాడు తొందరగా పోనిస్తే గొయ్యి ఇంకా గట్టిగా తగలడం!

ఆసుపత్రిలో నర్సమ్మ మగవాళ్ళని బయటికి పంపి, పైట తీసి చూసింది. పిన్నీసు చేతిలో పట్టుకుని గోడకేసి తిరిగి నవ్వింది పాపం, నా ముందు నవ్వకూడదని.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఎలాగూ వచ్చేరు కదా అని ఈసీజీ తీసేరు. కాసేపు పడుకోమని, బీపీ చూసేరు. మళ్ళీ చూసేరు. "ఇంత కంగారులోనూ ఇంతేనా! మాత్రలు అక్కర్లేదండీ. సైకిలు మానకండి. పిన్నీసు మానండి."

బయట బల్ల మీద బాబాయిగారు చొక్కా తడిసి ముద్దయి కూర్చునున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ముందు మనిషి చెప్పేది వినాలి కదండీ అని కడిగేద్దామనే వచ్చేను. నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నారు.

"ఆ రోజు బస్సు కోసం నిలబడ్డామమ్మాయ్. ఎవరి బండైనా అడుగుదామా, ఏమనుకుంటారో అని చూస్తూ నిలబడిపోయేం. బస్సొచ్చేసరికి అన్నయ్యగారు లేరు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఇవాళ అందుకే ఎవర్నీ అడగలేదు. నిన్ను కూడా."

నేను ఏడ్చే రకం కాదని మీకు తెలుసు. "రండి, కాఫీ తాగుదాం," అన్నాను.

"డాక్టరుగారు ఏమన్నారమ్మా?"

సత్తిబాబు కూడా పక్కనే ఉన్నాడు. "గుండె గట్టిగా ఉందిట బాబాయిగారూ."

"మరి ఆ నొప్పి?"

"గ్యాసుట."

"ఆయ్!" అన్నారు. నమ్మలేదు.

మర్నాడు పొద్దున్న చుడీదారు వేసుకుని సైకిలెక్కేను. గట్టు మీద కొంత దూరం వెళ్ళేసరికి వెనకాల చప్పుడు. తిరిగి చూస్తే వ్యాను! నా సైకిలంత నెమ్మదిగా వస్తోంది. "ఎందుకు బాబాయిగారూ?" అంటే, "మాకూ ఇటే పనుందమ్మా. నువ్వు తొక్కు!" సిగ్గేసి వేగంగా తొక్కేను. వాళ్ళూ వేగం పెంచేరు. డాక్టరుగారు పట్టాలన్న చెమట వంతెన దాకా వెళ్ళకుండానే పట్టేసింది.

ఈ ఒంటికి ఇంకో రెండేళ్ళే అనుకున్నదాన్ని. ఇప్పుడు ల్యాబు మెట్లు రొప్పకుండా ఎక్కుతున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది. అది సైకిలు చలవో, వెనకాల వ్యాను భయమో నాకే తెలీదు. దేనికైతేనేం, దణ్ణం పెడతాను. నిజం చెప్పి వాళ్ళని వెనక్కి పంపేద్దామనే ఇవాళ బయల్దేరేను. తీరా చూస్తే వ్యానులో కాయల మీద పరుపు వేసుంది. తలగడ కూడా!

ఇంక పిన్నీసని ఎలా చెబుతానండీ?